కురుత్ అతికించిన ముల్లు

చొయున్‌బెక్ పాత కారుకు లైట్లు వేస్తే పెట్రోలు నిండుతుందనీ, ఆర్పితే ఖాళీ అవుతుందనీ, ఇక ఆ ఇంటివాళ్లకు బంకుతో పనే లేదనీ పక్కింటి సాలికా కొట్టు దగ్గర అన్నదట. కొట్టామె ఆ మాటను ఉప్పు పొట్లంతో పాటు కట్టి చొయున్‌బెక్ భార్య కాలిపా చేతిలో పెట్టింది.

సాలికా నేరుగా చెప్పే వీల్లేదు. కాలిపాకూ ఆమెకూ మాటల్లేవు. కాబోయే కోడలికి పెట్టడానికి చలికాలమంతా కూర్చుని కాలిపా కుట్టిన ఉన్ని తివాచీ, షిర్దాక్, ఓ మూల జానెడు మేర మాయమైంది. నేరం సాలికా కుక్క మీద పడింది. కుక్క ఏ పాపం ఎరగదని కోచ్కోర్ ఊళ్లో ఇద్దరికే తెలుసు: కుక్కకూ, చొయున్‌బెక్‌కూ.

ఏం చేస్తాడు పాపం? గతుకుల రోడ్డు మీద డాష్‌బోర్డు గిలక్కాయలా మోగుతోంది. ఉన్ని గుడారంలో పుట్టి పెరిగినవాడికి ఏ రోగానికైనా తోచే మందు ఉన్నే. డాష్‌బోర్డు రేకు వెనకంతా షిర్దాక్ ముక్క పరిచాడు. ప్రతి మర కిందా ఉన్ని బిళ్ల వేశాడు. చప్పుడు ఆగింది. మీటర్ల ముళ్లకు మాత్రం పిచ్చెక్కింది: లైట్లు వేస్తే పెట్రోలు ముల్లు నిండుకు ఎగురుతుంది, ఆర్పితే సున్నాకు పడుతుంది.

సోవియట్ కాలంలో తండ్రి కొన్న కారు అది. దాన్ని అతను ‘బైబిచే’ అంటాడు. అంటే ఇంటికి పెద్దావిడ, మొదటి పెళ్లాం.

“అది బైబిచే అయితే నేను రెండోదాన్నా?” అని కాలిపా అప్పుడప్పుడూ అడుగుతుంది.

“వయసుకు మర్యాద ఇచ్చానే, అంతే.”

“దానికి దగ్గొస్తే రాత్రంతా కింద పడుకుని సేవ చేస్తావు. నాకొస్తే దుప్పటి లాక్కుని అటు తిరుగుతావు.”

ముళ్ల కోసం చొయున్‌బెక్ చెయ్యని వైద్యం లేదు. ఫ్యూజులు మార్చాడు. ట్యాంకులో తేలే బుడ్డిని తీసి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ పెట్టాడు. బజారు నుంచి ఇంకో మీటరు తెస్తే, అదీ ఈ ఇంటి గాలి తగిలి లైట్లకు తగ్గట్టు ఆడసాగింది. వైరు వైరూ తడిమి చూశాడు కానీ, తాను పరిచిన ఉన్ని జోలికి మాత్రం పోలేదు. అది జబ్బు కాదుగా, మందు.

ఈలోగా కబురొచ్చింది. కోడలి అమ్మానాన్నలు పెళ్లి మాటలు ఖాయం చేసుకోవడానికి శనివారం బాలిక్చీ పట్నం దాకా వ్యానులో వస్తారు. అక్కణ్ణుంచి తన కారులో రాజుల్లా తీసుకొస్తానని చొయున్‌బెక్ ఎప్పుడో కోతలు కోసేశాడు.

కాలిపా ఒకటే మాట చెప్పింది. కారు ఆగి వియ్యాలవారు గనక దారిలో నిలబడిపోతే మర్నాడే బైబిచేను అమ్మి పాడి గుర్రాన్ని కొంటుంది. అదైతే పులియబెట్టి కుమిస్ చేసుకు తాగడానికి పాలైనా ఇస్తుంది. బయల్దేరే ముందు ముళ్లన్నీ తానే స్వయంగా చూస్తుంది.

శుక్రవారం ఆమె పిండి కలుపుతుంటే చొయున్‌బెక్ వంటింట్లోంచి ఓ కురుత్ ఉండ జేబులో వేసుకున్నాడు. ఉప్పేసి ఎండబెట్టిన ఆ పెరుగుండను నీళ్లలో నానబెట్టి మెత్తగా నూరాడు. అది మళ్లీ ఎండిందంటే గుర్రం తొక్కినా ఊడదు. మీటర్ల అద్దాలు విప్పి, పెట్రోలు ముల్లును ముప్పావు దగ్గర నిలబెట్టి, దాని మొదలు దగ్గర ఆ ముద్ద ఓ చుక్క పెట్టాడు. మిగతా ముళ్లకూ పరువుగల చోట్లు చూపించాడు.

శనివారం కాలిపా ముందు సీట్లో కూర్చుని ముళ్లకేసి చాలాసేపు చూసింది. చొయున్‌బెక్ అప్పటికి తాళంచెవి జేబులోంచి తియ్యనే లేదు; తాళం తిప్పందే ఏ ముల్లూ లేవకూడదు.

“బాగయిందే,” అన్నాడు.

“బాగానే ఉంది,” అని కాలిపా దిగి, ఇంట్లోంచి బొంతల మూట ఒకటి తెచ్చి డిక్కీలో పెట్టింది. వియ్యపురాలికి చలేస్తుందట.

బాలిక్చీలో వియ్యంకుణ్ణి ముందు కూర్చోబెట్టి, ఆడవాళ్లిద్దరినీ వెనక్కి పంపారు. బంకు దగ్గర ఆపి పోయించాలని చొయున్‌బెక్ మనసులో అనుకున్నదే. తీరా వియ్యంకుడు, “ఈ వయసులోనూ మీ కారు ఏం పరుగండీ బావగారూ,” అనేసరికి అతని ఛాతీ పొంగి స్టీరింగుకు తగిలింది. గర్వంగా కిందికి చూశాడు. ముప్పావు. ఇంతుండగా ఇంకెందుకు? తాను అతికించిన ముల్లును తానే నమ్మి బంకు దాటేశాడు.

“పోయించవా?” అంది కాలిపా వెనక నుంచి.

“ముల్లు చూడవే.”

“చూస్తూనే ఉన్నా.”

జలాశయం పక్కన ఎత్తుదారిలో బైబిచే ఓసారి తుమ్మి, రెండోసారి వెక్కి, ఆగిపోయింది. ముల్లు మాత్రం ముప్పావు దగ్గర నిటారుగా, కాపలా సిపాయిలా నిలబడే ఉంది.

కాలిపా డిక్కీ తెరిచి మూట విప్పింది. బొంతల నడుమ నిండు పెట్రోలు డబ్బా. డబ్బా మీద సాలికా మొగుడి పేరు. కాలిపాకూ సాలికాకూ మాటలు ఎప్పుడు కలిశాయో చొయున్‌బెక్‌కు అంతు పట్టలేదు.

ఈలోగా వియ్యపురాలు ముందుకు వంగి, డాష్‌బోర్డు కింద వేలాడుతున్న ఉన్ని అంచును చూస్తోంది. ఆవిడ షిర్దాక్‌లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. “వదినా, ఈ ఎర్ర కొమ్ము ముగ్గు మా పిల్లకు పెడతానని ఫోటో పంపించావే, దానిదే కదూ?” అంటూ అంచు పట్టి లాగింది. సగం బయటికి వచ్చింది.

“ఆగండి, మరలున్నాయి,” అని చొయున్‌బెక్ నోరు జారాడు.

ఆ మరలు అతని చేతే విప్పించారు. ముక్క వచ్చింది. ఒక్కొక్కటిగా బిళ్లలూ వచ్చాయి. రేకును మళ్లీ బిగిస్తుంటే ఇనుము ఇనుముకు తగిలి చిన్నగా కిర్రుమంది. అప్పుడు వెలిగింది చొయున్‌బెక్‌కు. మీటర్ల కరెంటు ఆ రేకు మీదుగానే కారు ఒంట్లోకి దిగాలి. దారికి అడ్డంగా తాను ఉన్ని పరిచి కూర్చున్నాడు. ఉన్ని చలినే కాదు, కరెంటునూ పోనివ్వదు. దారి లేక అది లైట్ల వైర్ల వెంటబడి ముళ్లను ఊపింది.

కాలిపా మీటర్ల అద్దాలు విప్పించి, జడపిన్నుతో ముళ్లన్నిటి మీదా తెల్లగా ఎండిన కురుత్ గీకింది. పెట్రోలు ముల్లు దబ్బున సున్నా మీద పడింది. డబ్బా ఒంపగానే మెల్లగా లేచింది. లైట్లు వేశారు, ఆర్పారు. ముల్లు చలించలేదు.

చొయున్‌బెక్ ప్రాణం లేచొచ్చింది. ముందు కుక్కకు క్షమాపణ చెబుతానన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “ఇక మీటర్లు నిజమే చెబుతాయి కదే, గుర్రం ఎందుకు?” అన్నాడు.

కాలిపా షిర్దాక్ ముక్కను దులిపి మడత పెట్టింది.

“గుర్రం నోట్లో కురుత్ కుక్కినా, ఆకలేస్తే సకిలిస్తుంది.”