త్రినాధరావు గారి సమదృష్టి

"ఇవాళ్టి నుంచి మా స్టేషన్లో నిందితుడు అనే మాట రద్దు," అని సి.ఐ. త్రినాధరావు గారు అనకాపల్లి విలేకరులను పిలిచి మరీ ప్రకటించారు. "ఆడపిల్లల కేసుల్లో ఒకరిని బాధితురాలనడం, ఇంకొకరిని నిందితుడనడం శుద్ధ పక్షపాతం. ఇకమీదట ఇద్దరూ పార్టీలే. ఇద్దరికీ ఒకే ఎత్తు కుర్చీ, ఒకే సైజు టీ గ్లాసు, ఒకే ప్రశ్నలు. నోట్ చేసుకోండి."

విలేకరులు నోట్ చేసుకున్నారు. టీ కూడా తాగారు. వెనక గోడకి తక్కెడ బొమ్మతో ఫ్లెక్సీ కట్టి ఉంది. తక్కెడ పక్కన త్రినాధరావు గారి ఫోటో, తక్కెడ కంటే పెద్దది. ఆ ఫ్లెక్సీ ఖర్చు బెల్లం వ్యాపారి, పార్టీ పట్టణ కార్యదర్శి అయిన నానాజీ గారు భరించారని గిట్టనివాళ్ళు చెప్పుకున్నారు. గిట్టనివాళ్ళకేం, ఏమైనా చెప్పుకుంటారు.

వారం తిరక్కుండానే ఆ సమదృష్టికి పరీక్ష వచ్చింది. కె. కోటపాడు నుంచి లావణ్య అనే అమ్మాయి, తల్లి అప్పాయమ్మను వెంటబెట్టుకుని స్టేషన్ మెట్లెక్కింది. డిగ్రీ అయ్యాక నానాజీ గారి బెల్లం కొట్లోనే కంప్యూటర్లో బిల్లులు కొడుతోంది. దిమ్మలు మోసే కలాసీలు భోజనాలకి వెళ్ళిన వేళ చూసి నానాజీ తనని గోడౌన్లోకి లాక్కెళ్ళి పాడుచేశాడని చెప్పింది. ఎఫ్.ఐ.ఆర్. రాసి నంబరు ఇమ్మంది. అంతకు మించి ఆ పిల్ల ఏమీ అడగలేదు.

స్టేషన్ రైటర్ ఇందు పెన్ను తీసింది.

"ఆగు," అన్నారు త్రినాధరావు గారు. "ఒక పార్టీ చెప్పింది విని రాసేస్తే దాన్ని ఏకపక్షం అంటారు. రెండో పార్టీ రానీ."

"సార్, ఇలాంటి కేసుల్లో ముందు ఎఫ్.ఐ.ఆర్. కట్టాలి. విచారణ తరవాత."

"నువ్వు ఆడదానివి. ఆ అమ్మాయి మీద నీకు జాలి ఉంటుంది. నీ అభిప్రాయం ఇక్కడ చెల్లదు."

"మరి మీరు మగవారు కదా సార్?"

"నేను ఆఫీసర్ని," అన్నారు త్రినాధరావు గారు. ఆ జవాబు ఆయనకే ఎంతో నచ్చింది. విలేకరులు లేనప్పుడే తన నోటి నుంచి ఇలాంటి మంచి మాటలు వస్తాయేమిటా అని కాస్త బాధపడ్డారు కూడా.

రెండో పార్టీ సాయంత్రానికి తీరిగ్గా వచ్చింది. తెల్లటి ఖద్దరు, నుదుట కుంకుమ, చేతిలో సి.ఐ. గారి ఇంటికని రెండు బెల్లం దిమ్మలు. త్రినాధరావు గారు అందులో ఒకటి తీయించి అప్పాయమ్మ చేతిలో పెట్టించారు. ఇంత సమానంగా పంచే అధికారిని ఈ జిల్లా ఇంతకు ముందు చూసి ఉండదు. అప్పాయమ్మ దాన్ని తీసి బల్ల మీద పెట్టేసింది. కొందరికి న్యాయం జరుగుతున్నా తెలియదు.

విచారణ మొదలైంది.

"పెళ్ళయిందా అమ్మా?"

"లేదండి," అంది లావణ్య.

"ఊఁ," అన్నారు సి.ఐ. గారు. ఆ ఊఁ చాలా పొడుగ్గా సాగింది. "మీకు పెళ్ళయిందా నానాజీ గారూ?"

"అయింది సార్. ఇద్దరు పిల్లలు."

"సంసారి," అని తల పంకించారు. "ఆ రోజు ఏం బట్టలేసుకున్నావమ్మా?"

"చుడీదారండి."

"మీరు?"

"ఎప్పుడూ ఖద్దరే కదా సార్."

"చూశావా, ఖద్దరు. సరే, ఎందుకు అరవలేదు నువ్వు?"

"నోరు మూసేసేడండి."

"నానాజీ గారూ, మీరెందుకు అరవలేదు?"

"నానెందుకు అరుత్తాను సార్?"

"అంటే ఇద్దరూ అరవలేదు. ఇక్కడ కూడా సమానమే," అన్నారు త్రినాధరావు గారు తృప్తిగా.

అప్పాయమ్మకి కడుపు మండిపోయింది. "ఇదేటి న్యాయం బాబూ? సొమ్ము పోయినోడినీ దొంగనీ ఒక్కనాగే అడుగుతారా?"

"దాన్నే నిష్పక్షపాతం అంటారమ్మా."

"గోడౌన్లో సీసీ కెమెరా ఉందండి," అంది లావణ్య. "అది తెప్పించి సూడండి. రేపో మాపో సెరిపేత్తాడు."

త్రినాధరావు గారు కళ్ళు మూసుకుని దీర్ఘంగా ఆలోచించారు. "చూస్తే ఏమవుతుంది? ఎవరో ఒకరిదే తప్పని తేలుతుంది. అంటే ఆ కెమెరా ఒకరి పక్షం వహించినట్టే కదా? పక్షం వహించే సాక్ష్యాన్ని నేను ముట్టుకోను."

"ఎంత గొప్ప మాట సార్," అన్నాడు నానాజీ.

"కాబట్టి జరిగిందని ఈ పార్టీ, జరగలేదని ఆ పార్టీ. ఒకటికి ఒకటి చెల్లు. బయటికెళ్ళి మాట్లాడుకుని రాజీపడండి."

లావణ్య ఏడవలేదు. ఏడుస్తుందని నీళ్ళ గ్లాసులు రెండు తెప్పించిన త్రినాధరావు గారికి అది నచ్చలేదు.

"ఎఫ్.ఐ.ఆర్. రాయాలంటే ఏటుండాలి సార్?" అని అడిగింది.

"కంటికి కనపడే నష్టం ఉండాలమ్మా. చూడగానే ఎవడైనా ఒప్పుకోవాలి."

ఆ పిల్ల లేచి బయటికి నడిచింది. ఆవరణలో పూలమొక్కల చుట్టూ ఇటుకలు పాతి ఉన్నాయి. వాటి పక్కనే సి.ఐ. గారు కొత్తగా కొన్న తెల్లకారు ఉంది. లోపలున్నవాళ్ళకి పెద్ద చప్పుడు వినిపించింది. పరిగెత్తుకొచ్చి చూస్తే కారు ముందు అద్దం పగిలి, సీట్ల నిండా గాజుపెంకులు. లావణ్య అక్కడే నిలబడి ఉంది, ఇటుక ఇంకా చేతిలోనే ఉంది.

"ఇందూ, ఎఫ్.ఐ.ఆర్. రాయి. ఇప్పుడే రాయి," అని కేకేశారు త్రినాధరావు గారు.

"రెండో పార్టీ చెప్పేది వినొద్దా సార్?"

"పార్టీ ఏమిటి పార్టీ? నష్టపోయింది నేను. నష్టపోయినవాడే చెబుతుంటే ఇంకెవర్ని అడుగుతావు?"

"కారు మీద కవరు కప్పి ఉంచారా సార్?"

"నా కారు, నా ఇష్టం. కవరు లేకపోతే పగలగొట్టేస్తారా?"

"అదే కదా సార్, ఎంత దారుణం," అన్నాడు నానాజీ. "నా కళ్ళారా సూసేను. సాక్షిగా రాసుకోండి నన్ను."

ఇందు బల్ల దగ్గర కూర్చుంది. లావణ్య ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేనే కొట్టేనండి. ఎందుకు కొట్టేనో కూడా రాయండి మేడమ్."

"కారణం రాయాలట సార్," అంది ఇందు.

"ఏదో ఒకటి రాసి తగలెయ్యి. ఇన్సూరెన్సు వాడు నంబరడుగుతున్నాడు," అని త్రినాధరావు గారు ఫోన్లో పడ్డారు. అద్దం ఎంత, బంపరు ఎంత, షోరూమ్ వాళ్ళు ఎప్పుడొస్తారు, అన్నీ ఓపిగ్గా అడిగారు. ఒక పక్షం మాటే వింటున్నానన్న సంగతి ఆయనకి ఎంతమాత్రం తట్టలేదు.

ఈలోగా, నానాజీ బయట కారు దగ్గర నిలబడి గాజుపెంకులు ఏరిస్తుంటే, లావణ్య చెబుతూ పోయింది. కలాసీలు భోజనానికి వెళ్ళడం, గోడౌన్ తలుపు, నోరు మూసిన చెయ్యి, కెమెరా ఎక్కడుందో, పొద్దుట వస్తే సి.ఐ. గారు ఏమన్నారో, ఎందుకు రాయనన్నారో. ఇందు ఒక్క ముక్క వదలకుండా రాసింది. కాగితాలు నాలుగయ్యాయి. నంబరు పడింది, సీలు పడింది. సాక్షి స్థానంలో నానాజీ లోపలికొచ్చి, చదవకుండానే తన పెద్ద సంతకం గీసి కిందన పార్టీ పదవి కూడా రాసుకున్నాడు.

"నిందితురాలికి కాపీ ఇవ్వాలి సార్, రూలుంది," అని ఇందు కాగితాలు ముందుకి జరిపింది. "ఫిర్యాదీగా మీరు ఒకసారి చదువుకుని సంతకం పెట్టండి."

"ఆ పిల్ల చెప్పింది నేను చదివేదేమిటి," అన్నారు త్రినాధరావు గారు, ఫోను చెవికి ఆనించుకునే నాలుగు పేజీల మీదా సంతకం పెడుతూ.