బీపీ తగ్గితే పరువేం కాను?

బీపీ జబ్బని ఎవరన్నారండీ? అది పదవి! రిటైర్‌మెంట్ లేదు, ట్రాన్స్‌ఫర్ లేదు, ఇంటిల్లిపాదీ హడలి చస్తారు. ఇంతకంటే గొప్ప హోదా ఎవరికుంది చెప్పండి?

ఆ హోదాను నిండుగా అనుభవించినవారు మోటార్లు రిపేరు చేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్ గారు. వెనకాల అందరూ ఆయన్ను కుక్కర్ గారంటారు. కాఫీ చల్లారితే కేక, చెప్పులు అడ్డమొస్తే కేక, ఫ్యాను కిర్రుమంటే ఫ్యాను మీదే కేక! పాపం, ఆయనేం చేస్తారు? "నాన్నకి బీపీ, నువ్వూరుకో" అని భార్య కూతురి నోరు మూయించేది. మెకానిక్కులు సెలవడగడానికి వచ్చి, ఆయన మొహం చూసి, జ్వరంతోనే పనిలోకి దిగేవారు.

ఇంత వైభోగం సాగుతుండగా ఒకరోజు మెట్లెక్కుతూ ఆయాసంతో కూర్చుండిపోయారు. కూతురు బలవంతాన డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

"అంత ప్రెషర్ మీద రక్తం తోసి తోసి మీ గుండె గోడ మందమైపోయిందండీ. ఈ మాత్రతో రక్తనాళాలు వదులవుతాయి, గుండెకి శ్రమ తగ్గుతుంది. బాగానే ఉంది కదా అని ఆపేయకండి" అంది డాక్టరమ్మ.

చూశారా అన్యాయం! బీపీ లేని ఇంటిపెద్దను ఎవరు లెక్కచేస్తారు? కుక్కర్ గారు తెలివైనవారు కాబట్టి మాత్రలు మానేశారు. చెకప్ రోజు పొద్దున్నే ఒకటి మింగి, బుద్ధిమంతుడిలా చెయ్యి చాపేవారు. డాక్టరమ్మను బోల్తా కొట్టించానని మురిసిపోయేవారు. గుండెను మాత్రం బోల్తా కొట్టించలేకపోయారు.

ఒకరోజు మళ్లీ అవే మెట్ల మీద కూలబడ్డారు. కూతురు చెయ్యి పట్టుకుని బావురుమంది. ఆ ఏడుపు విని ఆయనకు మొదటిసారి నిజంగా భయం వేసింది. అప్పటినుంచి మాత్ర తప్పలేదు. ఆయాసం తగ్గింది, గుండె తేరుకుంటోందని డాక్టరమ్మ కూడా సంతోషించింది.

మరి కేకలో? అవి ఒక్క పిసరు తగ్గలేదండీ!

నిన్న పొద్దున కూతురు మిషన్‌తో బీపీ చూసి, నార్మలని గంతులేసింది. ఇంతలో చొక్కాకి గుండీ లేదని ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచారు. భార్య తాపీగా వచ్చి, మిషన్ మీది అంకెలు ఆయన వైపు తిప్పింది.

"బీపీ నార్మలేగా! మరి ఇన్నేళ్లూ మా మీద అరిచిందెవరండీ?"