యథాస్థితికి తెచ్చిన రీడింగ్ రూమ్

పాఠకులారా, క్యాంపస్‌లో షూటింగులు వద్దని ధర్నాలు చేసేవాళ్లకు బొత్తిగా బుద్ధి లేదు! విద్యాభివృద్ధికి షూటింగును మించిన సాధనం లేదు. నమ్మకపోతే నిరోషను అడగండి.

నిరోష మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన అమ్మాయి. ఇప్పుడు ప్రొడక్షన్ డిజైనర్. అంటే కథ జరిగే చోటును గోడల రంగు నుంచి గడియారం దాకా తయారుచేసే మనిషి. ప్రేక్షకుడు "అబ్బ, ఏం సెట్!" అన్నాడంటే ఆమె ఓడిపోయినట్టే. ఇంత వినయం నేర్పే ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందా?

ఒక వెబ్ సిరీస్ కోసం ఆమెకు "చక్కగా నడుస్తున్న యూనివర్సిటీ రీడింగ్ రూమ్" కావాల్సి వచ్చింది. తార్నాక వైపున్న ఓ క్యాంపస్‌లో దొరికింది. నడవడం ఒక్కటే తక్కువ! ఆరేళ్లుగా తాళం, ఫ్యాన్ల మీద పావురాలు. రిపేరు ఫైలు పరిశీలనలో ఉందట. నిరోష మనుషులకు పరిశీలించే తీరిక లేదు కనుక పన్నెండు రోజుల్లో పని ముగించారు. వైరింగ్ మారింది, పైకప్పు కారడం ఆగింది, బెంచీలకు కాళ్లొచ్చాయి.

షూటింగ్ నాలుగు రోజులు. ఐదో రోజు సెట్ తీసేయడానికి వచ్చిన నిరోషకు బెంచీల నిండా జనం కనిపించారు. నటన మహా సహజంగా ఉంది. ఒక్కరూ తలెత్తరే!

"ప్యాకప్ అయిపోయింది, ఇంక లేవున్రి" అంది.

భూమిక అనే విద్యార్థిని చదువుతున్న పేజీలో వేలు పెట్టి తలెత్తింది. "మేం సినిమావాళ్లం కాదక్కా. గ్రూప్ టూకి చదువుతున్నం. హాస్టల్ల రూముకు ఆరుగురం. గీడ ఫ్యాన్ తిరుగుతున్నదని వచ్చినం. తీసేస్తరా?"

నిరోష తన మనుషులను ఆగమంది. నేరుగా ఎస్టేట్ ఆఫీసర్ శశిభూషణ్ దగ్గరికి వెళ్లింది. "సార్, రూము ఇట్లనే ఇచ్చేస్తం. మాకేం వద్దు."

ఆయన అగ్రిమెంటు తీశాడు. "అట్లెట్ల కుదురుతదమ్మా? 'యథాస్థితిలో అప్పగించవలెను' అని ఉన్నది. బాగైన రూము తీస్కుంటే, ఎవరు శాంక్షన్ చేసిన్రని ఆడిటోళ్లు అడుగుతరు. మీకు అప్పజెప్పినప్పటి ఫోటోలున్నయ్. అచ్చం గట్లనే కావాలె."

అలా నిరోష తన జీవితంలోకెల్లా గొప్ప సెట్ వేసింది. టీ డికాషన్‌తో గోడలకు చెమ్మ మరకలు. గట్టి బెంచీల మీద రంగుతో పగుళ్లు. యంత్రంతో ఊదిన సాలెగూళ్లు. పావురాల రెట్టకు సున్నం సరిపోయింది. ఒక్కో మరక వేస్తుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఒక నిర్ణయానికి వచ్చింది. వైరింగ్ జోలికి, పైకప్పు జోలికి మాత్రం పోలేదు.

శశిభూషణ్ ఫోటోలు పట్టుకుని గంటసేపు తిరిగాడు. "శభాష్! ఎంత పాడుగ ఉండెనో అంత పాడుగ చేసిన్రు." ఫ్యాన్ కింద ఆగాడు. "ఇది నడుస్తదా ఏంది?"

"ఫోటోల ఎట్లున్నది సార్?"

"ఆగి ఉన్నది."

"ఇప్పుడు కూడ ఆగే ఉన్నది గద సార్."

న్యాయమే! సంతకం పెట్టాడు. తుప్పుతాళం పగలగొట్టాకే ఆ ఫోటోలు తీశారు. ఫోటోలో లేని తాళం వేయడం నిబంధనలకు విరుద్ధం కనుక తలుపు తెరిచే ఉంచారు. మర్నాడు పొద్దున్నే ఆ సాలెగూళ్ల కింద నలభైమంది చదువుకుంటున్నారు.

ఇప్పుడు క్యాంపస్‌లో ఎవరూ వినతిపత్రాలు ఆఫీసులో ఇవ్వడం లేదు. తార్నాకలో నిరోష అద్దెకుంటున్న ఇంటికే తెచ్చిస్తున్నారు. నిన్న వచ్చింది లేడీస్ హాస్టల్ వాళ్లది: "అక్కా, ఈసారి కథల యాడన్న నీళ్లొచ్చే నల్లా ఒక్కటి పెట్టియ్యరాదు?"