గురక ఆపే దిండు

దిండ్ల దుకాణం ఆయన జన్మలో అబద్ధమాడి ఎరగడు. ఎవరైనా కాదని రుజువు చేస్తే మీసం తీయించుకుంటాను.

ఆ పొద్దున ఆయన వేసుకున్న పథకం చిన్నదే. దుకాణం ముందు కొత్త బోర్డు తగిలించాలి, భోజనాల వేళకి ఇల్లు చేరాలి. బోర్డు నిండా భార్య ఫొటో, కింద ఆవిడ మాటలు: "ఈ దిండుతో మావారి గురక ఆగిపోయింది." ఆవిడ ఆ మాట అననేలేదు. గురక ఆగిందా అని ఆయన అడగనూ లేదు. ఎనిమిదేళ్ళుగా ఆవిడ గురక ఊసెత్తడం లేదు కనుక ఆగిందనే లెక్క వేసుకున్నాడు.

సరే, నాకు మీసం లేదు లెండి.

వారం తిరక్కుండా వినియోగదారుల కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. రుజువు చూపాలి, ఆ మాటలన్న మనిషిని వెంటబెట్టుకు రావాలి, లేదంటే దుకాణానికి తాళం.

భార్య నోటీసు రెండుసార్లు చదివింది. "వీధిలో అందరూ నన్ను చూసి ముసిముసిగా నవ్వుతుంటే చీర తిరగేసి కట్టానేమో అనుకున్నా. ఇదా సంగతి?"

"అక్కడ ఒక్కసారి అవునను చాలు."

"ఏమనాలో నాకు తెలుసు. వస్తాలెండి."

దిగులుతో రెండు రాత్రులు కునుకు లేని మనిషి. కార్యాలయంలో నమూనా దిండు వీపుకి ఆన్చుకుని కూర్చున్నాడు. అధికారిణి నోటీసు చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీకి దిండు తలకిందికి చేరింది.

"ఈ మాటలు మీరన్నవేనా అమ్మా?"

ఆవిడ నోరు తెరిచేలోగా గురక లేచింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. మోటారు ఎవరు వేశారంటూ పక్కగది గుమాస్తా తొంగి చూశాడు.

"ఇది ఆ దిండేనా?" అంది అధికారిణి.

"ఆ దిండే," అంది భార్య.

గుమాస్తా తట్టి లేపితే లేచాడు. అందరి చూపూ తన మీదే. తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. దిండు మీద మాత్రం పెట్టుకోలేకపోయాడు.

"తప్పయిపోయిందమ్మా. ఆవిడ అనలేదు. నేనే రాయించా."

"ఆగండి," అని భార్య చేతిసంచిలోంచి రెండు దూది ఉండలు తీసి బల్ల మీద పెట్టింది. "దిండు పనిచేసిన మాట నిజమేనండీ. ఈయన దిండు కుట్టు విప్పి ఈ దూది తీసి, ఎనిమిదేళ్ళుగా చెవుల్లో పెట్టుకుంటున్నా. చెబితే చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు."

దిండు పల్చబడినప్పుడల్లా ఎలుకల్ని తిట్టిన మనిషి ఆయన. ఆ క్షణాన ఏదైనా ఎలుక కన్నం కనబడితే దూరిపోయేవాడే.

అధికారిణి నవ్వు ఆపుకుని దుకాణాన్ని వదిలేసింది. బోర్డును మాత్రం వదల్లేదు. అబద్ధం రాసినవాళ్ళే సవరణ రాయాలన్నది నిబంధన. మర్నాడు వీధికి వీపు పెట్టి ఆయనే కొత్తది తగిలించాడు: "సవరణ. ఈ దిండుతో గురక ఆగదు. దిండులోని దూది చెవుల్లో పెట్టుకుంటే వినబడదు." ఈసారి ఆ మాటలు ఆవిడ స్వయంగా చెప్పినవే. కింద సంతకం కూడా ఉంది.

నిబంధన నాకూ వర్తిస్తుంది కాబట్టి, నాదీ ఒక సవరణ. కిటికీ అద్దాలు గలగలలాడాయన్నది కల్పన. ఆ గదికి కిటికీయే లేదు.