శివప్ప బలమెంత

విడపనకల్లు దగ్గర గాలిమరలకు కావలివాళ్లను తీసుకుంటున్నారు. మూడేళ్లుగా వేరుశనగ ఎండిపోతున్న శివప్పకు మిగిలిన ఆశ ఆ ఉద్యోగం ఒక్కటే. బలం, దమ్ము ఏ స్థాయిలో ఉన్నాయో చూసి తీసుకుంటారని విని, నెల రోజులుగా ఇసుక మూట భుజాన వేసుకుని పరిగెత్తుతున్నాడు. పరీక్ష రోజు పొద్దున కూడా ఒళ్లు వేడెక్కుతుందని ఊరు చుట్టి రావడానికి పోయాడు. ఆ పోవడమే కొంప ముంచింది.

పరీక్ష పెట్టే పద్మజ ముందుగా నాలుగు ప్రశ్నలు అడగడానికి జీపులో ఇంటికొచ్చింది. అరుగు మీద శివప్ప నాయన ముత్యాలప్ప ఉన్నాడు. కాగితాలు పట్టుకొచ్చిన మనిషి ముందు బాగున్నామని చెప్పడం ఎంత తెలివితక్కువో ఆయన డెబ్బై ఏళ్ల కరువులో నేర్చుకున్నాడు.

"మీ కొడుకు ఎంత బరువు ఎత్తుతాడు తాతా?"

"యాడ ఎత్తుతాడమ్మా. చెంబు ఎత్తితేనే చెయ్యి వణుకుతాది."

"పరిగెత్తితే?"

"నడిస్తేనే ఆయాసం. బాగా రాసుకో తల్లీ."

సాయం చేద్దామని పక్కింటి బయమ్మ గోడ మీదుగా, "మొన్న కండ్లు తిరిగి పడినాడు గూడా" అంది. నిజానికి పడింది ఆమె మేక.

అప్పుడే శివప్ప మూటతో రొప్పుతూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఆ మాటలు చెవిన పడ్డాయి గానీ రొప్పుకు మాట రాక, కాదు కాదని చేతులూపాడు. చూసేవాళ్లకు ఊపిరాడక కొట్టుకుంటున్నట్టే ఉంది. ముత్యాలప్పకు కొడుకు మీద అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు. "సూడమ్మా, నీ కండ్లతో నువ్వే సూడు" అన్నాడు.

పద్మజ కాగితం మడిచింది. "ఆయాసం ఉండేవాళ్లకు పరీక్ష పెట్టకూడదన్నా. పరిగెత్తే దావలో పడిపోతే ఎవరు జవాబు చెప్తారు? గాలిమర కావలి నీతో కాదు."

వచ్చింది ఉద్యోగమిచ్చే మనిషని ముత్యాలప్పకు అప్పుడర్థమైంది. జీపు కదిలింది. ఆయన ఇసుక మూట భుజానికెత్తుకుని, "వాడు నాకంటే గట్టోడమ్మా" అని అరుస్తూ కిలోమీటరు దూరం వెంటబడ్డాడు. జీపు ఆగింది. పద్మజ గడియారం చూసుకుంది.

"నీకైతే పరీక్షే అక్కర్లేదు తాతా. ఏం చేద్దాం, ముప్పై అయిదేండ్లు దాటకూడదు" అంది. జీపు పోయింది.

ఆ పూట ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టలేదు. "నా నోరు పడిపోను. నీ బతుకు నేనే ముంచినాను కదరా" అని ముసలాయన ఏడ్చాడు. శివప్పకూ ఏడుపొచ్చింది. "ఇంగ కాగితాలోళ్లు ఎవరొచ్చినా ఉండేది ఉన్నట్టు చెప్దాం నాయనా" అన్నాడు చివరికి.

వారం తిరక్కుండా ఇంకొకాయన కాగితాలతో వచ్చాడు. శివప్ప అడగకముందే మూట ఎత్తి చూపించాడు. ముత్యాలప్ప ఇంటి చుట్టూ రెండుసార్లు పరిగెత్తాడు. "మాకేం తక్కువ సార్, గుండ్రాయి లెక్క ఉండాం" అన్నాడు. వచ్చినాయన సంతోషంగా రాసుకుని పోయాడు.

నెలాఖరుకు కరువు సాయం జాబితా పంచాయతీ గోడకు అంటించారు. అందులో లేని ఇల్లు ఆ ఊళ్లో అదొక్కటే.