నాలుగు వేళ్ళ లూజు

ఆ ఉదయం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. డ్యూటీకి వెళ్ళేముందు కళ్ళద్దాల షాపులో ఆగాలి, కొత్త అద్దాలు చేయించుకోవాలి, ఈ సంగతి మూడో కంటికి తెలియకూడదు.

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. బ్యాంకులకు సాయుధ కాపలాదార్లను పంపే సంస్థలో, వాళ్ళకు పిస్తోలు కాల్చడం నేర్పే మనిషి. ఫైరింగ్ రేంజిలో ఆయన ఎలా నిలబడితే బ్యాచి అంతా అలా నిలబడాల్సిందే. ఒకసారి ఆయనకు జలుబు చేసి, దగ్గి కాల్చాడు. ఆ రోజు బ్యాచి మొత్తం దగ్గి కాల్చింది.

అలాంటి మనిషికి పిస్తోలు కొన కనబడటం మానేసింది. ఆ కొనమీద చిన్న ఇనుప మొన ఒకటి ఉంటుంది, దాన్ని ముందు సైటు అంటారు. ఎదుటి గురి అట్ట కొంచెం మసకబారినా ఫరవాలేదు గానీ, ఈ మొన మాత్రం కొట్టొచ్చినట్టు కనబడాలి. మాస్టారికి అట్ట ఎప్పటిలాగే కనబడేది, మొన దగ్గరే మంచు కురిసేది. నెలాఖరున నేర్పేవాళ్ళకు కూడా పరీక్ష ఉంది. అందులో తప్పినవాళ్ళను స్టోరు గదికి పంపి, బూట్లు సైజులవారీగా సర్దిస్తారు. ఆ గదంటే మాస్టారికి మహా భయం. రిటైరయ్యేదాకా రేంజిలోనే ఉండాలన్నది ఆయన ఒకే ఒక్క కోరిక.

షాపతను ఓపికగా విన్నాడు. చదువుకునే అద్దం పుస్తకం దాకే పనికొస్తుందనీ, దూరపు అద్దం వీధి చూడటానికనీ, ఈయన మొన ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉందనీ వివరించాడు. చెయ్యి చాచి గురిపెట్టినప్పుడు కంటికీ మొనకీ మధ్య ఎంత దూరమో కొలిచి తెస్తే, గురిచూసే కంటికి సరిగ్గా ఆ దూరానికే అద్దం చేసిస్తానన్నాడు. ఆయుధాన్ని రేంజి దాటించడానికి వీల్లేదు. రేంజిలో టేపు పట్టుకుంటే అందరికీ తెలిసిపోతుంది. కనుక కొలత ఇంట్లోనే తీయాల్సి వచ్చింది.

అదృష్టం కొద్దీ మాస్టారి భార్య దర్జీ. ముందు గదే ఆమె దుకాణం, మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది. మాస్టారు కుట్టుమిషను స్క్రూడ్రైవరును పిస్తోలులా పట్టుకుని గోడ గడియారానికి గురిపెట్టాడు. ఆమె కంటి కొస నుంచి స్క్రూడ్రైవరు కొస దాకా కొలిచింది. టేపు చెప్పిన అంకెకు నాలుగు వేళ్ళు కలిపి చెప్పింది. ఏ కొలతకైనా నాలుగు వేళ్ళ లూజు పెట్టడం ఆమెకు ఊపిరి తీసినంత మామూలు. పెట్టానని ఏ దర్జీ చెప్పడు, ఆమె కూడా చెప్పలేదు.

దారిలో మాస్టారికి అనుమానం వచ్చింది. స్క్రూడ్రైవరు తేలిక, పిస్తోలు బరువు. చెయ్యి పూర్తిగా చాచలేదేమో అనుకుని తనవంతుగా నాలుగు వేళ్ళు కలిపాడు. షాపతని అనుభవం ప్రకారం, ఇంట్లో కొలుచుకొచ్చేవాళ్ళందరూ తక్కువే కొలుస్తారు. అతనూ ఉదారంగా నాలుగు వేళ్ళు కలిపాడు. ముగ్గురి జాగ్రత్తా కలిసి మాస్టారి చేతిని జానెడు పొడుగు చేసింది.

కొత్త అద్దాలతో మాస్టారు రేంజిలో నిలబడి చెయ్యి చాచాడు. మొన ఇంకా మంచులోనే ఉంది. మొనకు జానెడు అవతల ఉన్న గాలి మాత్రం అద్భుతంగా కనబడుతోంది. చెయ్యి సాగదు కాబట్టి ఆయన నడుంతో పాటు తలను కూడా వెనక్కి వాల్చాడు. ఇంకొంచెం వాల్చాడు. మొన ఒక్కసారిగా తేటపడింది. కాల్చిన గుండు అట్ట నడిమధ్యలో దిగింది. మాస్టారికి ఎంత సంతోషమైందంటే, వెనక్కి తిరిగి చూడాలన్న ధ్యాసే లేకపోయింది. వెనక బ్యాచి మొత్తం నడుములు వెనక్కి విరిచి నిలబడి ఉంది.

సాయంత్రం అద్దాలు మార్పించుకుందామని అనుకుంటూ ఉండగానే సంస్థ నడిపే పెద్దసారు తనిఖీకి వచ్చాడు. వరసంతా ఒక పక్కకు వాలిన కంచెలా ఉండటం చూసి ఆగి, ఇదేమిటని అడిగాడు. నిజం చెబితే కళ్ళ సంగతి చెప్పాలి, కళ్ళ సంగతి చెబితే బూట్లు సర్దాలి.

"పేలినప్పుడు పిస్తోలు వెనక్కి తన్నే తన్నుడు నడుం తీసుకుంటుంది సార్. చెయ్యి అదరదు," అన్నాడు మాస్టారు గంభీరంగా.

పెద్దసారు కూడా మాస్టారి ఈడువాడే. ఫోను చెయ్యి బారచాచి చదువుతాడు గానీ కళ్ళద్దాల మాట ఎత్తనివ్వడు. ఆయన పిస్తోలు తీసుకుని, మాస్టారు చూపించినట్టే వెనక్కి వాలాడు. కన్ను కాస్త దూరం జరిగేసరికి, ఏళ్ళ తరబడి మసకగా ఉన్న మొన ఆయనకూ కొంచెం కనబడింది. అది వాలడంలోని మహిమ అనుకున్నాడు. మాస్టారి భుజం తట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా అన్ని శాఖలకూ ఆదేశం వెళ్ళింది. ఇకమీదట అందరూ ఇలాగే నిలబడాలి, పరీక్షలో సగం మార్కులు దీనికే. దాని పేరు 'మాస్టారి భంగిమ'.

ఇక మాస్టారు అద్దాలు మార్చుకునే దారి లేకపోయింది. వారం తిరక్కుండా రేంజి అంతా నొప్పుల తైలం వాసన. కాపలాదార్లు నడుం పట్టుకుని మెట్లు దిగుతున్నారు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె కూర్చోలేక నిలబడే భోజనం చేస్తోంది. మాస్టారు పలకరిస్తే, నొప్పి తగ్గాక గురి కుదురుతుంది కదా అని ఎంతో నమ్మకంగా అడిగింది. ఆ నమ్మకం చూసి మాస్టారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పేశాడు. ఆమె మిషను ఆపింది.

"నాలుగు వేళ్ళు లూజు పెట్టానండీ," అంది మెల్లగా.

"కంటికి లూజేమిటే?"

"అలవాటు. బిగుతైతే తిట్లు తినేది నేనే కదా."

మాస్టారికి కోపం వచ్చింది, కానీ తను కలిపిన నాలుగు వేళ్ళు గుర్తొచ్చి ఆ కోపాన్ని మింగేశాడు. ఆమె మళ్ళీ కొలిచింది. జీవితంలో మొదటిసారి ఒక కొలతను ఉన్నది ఉన్నట్టు చెప్పింది. షాపుకు తనే వెళ్ళి, అతను ఆ అంకెనే రాసేదాకా కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు.

పరీక్ష రోజున మాస్టారు నిటారుగా నిలబడ్డాడు. మొన కత్తితో గీసినట్టు కనబడుతోంది. ఇప్పుడు వాలితే భంగిమ దక్కుతుంది, మొన పోతుంది. పైగా వెనక ఆ అమ్మాయి చూస్తోంది. ఆయన వాలలేదు. గుండ్లన్నీ నడిమి వలయంలోనే పడ్డాయి. వెనక బ్యాచిలో ఒక్కొక్కరే, మూలుగుతూ, నడుములు నిటారు చేశారు. అది పరీక్ష పెడుతున్న పెద్దసారు చూశాడు.

మాస్టారు పిస్తోలు బల్లమీద పెట్టి ఆయన దగ్గరకు వెళ్ళాడు.

"ఆ భంగిమ అబద్ధం సార్. నా అద్దం కొలత తప్పింది, అందుకని వాలాను. పిల్లల నడుములు పోతున్నాయి, ఆపించండి."

"మరి వాలితే నాకు మొన ఎలా కనబడింది?"

"మీక్కూడా అద్దాలు కావాలి సార్."

పెద్దసారు మార్కుల కాగితాన్ని చెయ్యి బారచాచి పట్టుకుని చూశాడు. మాస్టారికి ఆయనమీద జాలి వేసింది. ఇన్నాళ్ళూ తను ఎంత భయపడ్డాడో ఈయనా ఇప్పుడు అంతే భయపడుతున్నాడని అర్థమైంది. కానీ తను అనేసిన మాటను ఇక వెనక్కి తీసుకోలేడు. పెద్దసారు మార్కులు వేసి వెళ్ళిపోయాడు. గురికి పూర్తి మార్కులు, భంగిమకు సున్నా, మొత్తం మీద తప్పినట్టే.

సోమవారం నుంచి మాస్టారు స్టోరు గదిలో బూట్లు సర్దుతున్నాడు. పెద్దసారు కనుచూపు మేరలో లేనప్పుడు రేంజిలో అందరూ నిటారుగానే నిలబడుతున్నారనీ, ఆ అమ్మాయి కూర్చుని భోజనం చేస్తోందనీ కబురు తెలిసి, ఆయనకు బాధ సగం తీరింది. మిగతా సగం, బదిలీ ఉత్తర్వు చదివినప్పుడల్లా వస్తుంది. అందులో కారణం ఒక్క ముక్కలో ఉంది: మాస్టారికి మాస్టారి భంగిమ రాదు.