మెట్ల మీద చిట్టీ పాట

ఆదివారం పొద్దున గిరిధర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఉప్మా తినాలి, ఫోన్‌లో చిట్టీ పాట పాడించాలి, దుకాణానికి మల్గి ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాత మంచి సమయం చూసి భార్యకు చెప్పాలి. వీటిలో చివరిది కొంచెం కష్టమని అతనికి తెలుసు. అందుకే దాన్ని చివర్లో పెట్టుకున్నాడు.

గద్వాలలో ఒక పత్తి విత్తనాల కంపెనీలో అతను అకౌంటెంటు. తాత మగ్గం నేశాడు, తండ్రి మగ్గం నేశాడు, ఇతను మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల లెక్కలు చూస్తున్నాడు. కంపెనీ లెక్కల్లో పైసా తేడా రానివ్వని మనిషి సొంత డబ్బు దగ్గరికి వచ్చేసరికి పసిపిల్లాడైపోతాడు. రెండేళ్ల కిందట ఎవరో ఫోన్‌లో షేర్ల సలహాలు ఇస్తామంటే నమ్మి, భార్య శైలజ గొలుసు కుదువపెట్టి మరీ డబ్బు పోశాడు. సలహాలిచ్చినవాళ్లు గ్రూపు మూసేసి చల్లగా జారుకున్నారు. శైలజ అరవలేదు, ఏడవలేదు. "ఇంకోపారి ఉద్యోగం ఇడిచి యాపారం జేస్త అన్నవంటే నేను మా అమ్మగారింటికి పోత" అని ఒక్క మాట అంది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో డబ్బు ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆమె తనను క్షమించిందనే గిరిధర్ అనుకున్నాడు.

చీరల దుకాణం పెట్టాలన్న కోరిక మాత్రం అతనిలో చావలేదు. స్నేహితుడు భానుప్రకాశ్ పేరు మీద గుట్టుగా ఐదు లక్షల చిట్టీ కట్టుకుంటూ వచ్చాడు. అంతలో బస్టాండు దగ్గర ఒక మల్గి ఖాళీ అయింది. షట్టరున్న ఒంటిగదే అయినా, బస్సు దిగినవాళ్ల కళ్లు ముందు దాని మీదే పడతాయి. దాని ఓనరు చిన్నయ్య వనపర్తిలో ఉంటాడు కాబట్టి బేరమంతా ఫోన్‌లోనే సాగింది. మొదట లక్ష అడ్వాన్సు అన్నాడు. గిరిధర్ సరేనన్నాడు. మర్నాడే చిన్నయ్య మళ్లీ ఫోన్ చేశాడు.

"సారూ, ఇంకో పార్టీ వచ్చింది. లక్షన్నర ఇస్తమంటున్నరు."

"నేను రెండిస్త. ఎవ్వరికి ఇయ్యకు."

తర్వాతి వారం ఆ పార్టీ రెండున్నర అంది. గిరిధర్ మూడన్నాడు. అయినా చిన్నయ్య మెత్తబడలేదు. "పైసల ముచ్చట గాదు సారూ. నువ్వు కంపెనీల కొలువు జేస్తవు. నా మల్గి పొద్దంత మూసుంటే దయ్యాలకొంప లెక్క కనిపిస్తది. ఆ పార్టీకి వేరే కొలువు లేదు, పొద్దంత దుకాణంలనే కూసుంటరట" అన్నాడు.

ముఖం తెలియని ఆ పార్టీ మీద గిరిధర్‌కు ఒళ్లు మండింది. శనివారం పొద్దున పోయి మేనేజరు చంద్రశేఖర్ బల్ల మీద రాజీనామా పెట్టాడు. చంద్రశేఖర్ దాన్ని చదివి కళ్లజోడు తీశాడు.

"ఇంట్ల చెప్పినవా?"

"చెప్పిన సార్. మా ఆమెనే ధైర్యం జెప్పింది."

పన్నెండేళ్ల ఉద్యోగం అలా ఒక అబద్ధంతో ముగిసింది.

ఇక మిగిలింది చిట్టీ. ఖాజా మియా ఇంటి వరండాలో నెలకొకసారి పాట జరుగుతుంది. అవసరం ఉన్నవాళ్లు ఎవరెక్కువ నష్టానికి ఒప్పుకుంటే చిట్టీ వాళ్లది. ఆ నష్టాన్ని మిగతా సభ్యులంతా లాభంగా పంచుకుంటారు. కాబట్టి ఇద్దరు పోటీ పడ్డారంటే మిగిలినవాళ్లకు పండుగే. మామూలుగా అరవై, డెబ్బై వేల దగ్గర పాట ఆగిపోతుంది. గిరిధర్ ధైర్యమంతా ఆ మామూలు మీదే ఆధారపడి ఉంది.

వాళ్లింట్లో ఫోన్ సరిగ్గా పనిచేసేది ఒక్క మేడమెట్ల దగ్గరే. గిరిధర్ ఉప్మా తిని, ఫోన్ పట్టుకుని పైమెట్టు మీద కూర్చున్నాడు. రెండు నిమిషాలకు శైలజ కూడా ఫోన్ పట్టుకుని వచ్చి కిందిమెట్టు మీద కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసి ఉలిక్కిపడ్డారు.

"ఎవరితోని?" అంది శైలజ.

"ఆఫీసు సారు. నువ్వు?"

"బల్మూరు నుంచి మా అమ్మ."

"మాట్లాడుకో, మాట్లాడుకో" అన్నాడు గిరిధర్ ఎంతో ఉదారంగా. ఆమె అటు తిరిగింది, అతను ఇటు తిరిగాడు.

"అరే గిరీ, మొదలైంది" అన్నాడు ఫోన్‌లో భానుప్రకాశ్. "అరవై అన్న. తాజ్‌బీ డెబ్బై అన్నది."

తాజ్‌బీ దర్జీ. చీరలకు ఫాల్, కుచ్చులు వేయించుకోవడానికి శైలజ దగ్గరికి వారం వారం వస్తుంది. గిరిధర్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. "నా పేరు ఎత్తకురా. ఆమెకు తెలిస్తే మా ఇంట్ల తెలుస్తది. ఎనభై పాడు" అని గుసగుసలాడాడు. అతని బుర్ర అంతకు మించి ముందుకు పోలేదు.

"తొంభై అన్నది. ఆమె చెవికి ఫోన్ ఉన్నది, ఎవరో ఎనకనుంచి ఆడిస్తున్నరు."

"ఎవడో పైసలు ఎక్కువైనోడు. లక్ష పాడు."

కిందిమెట్టు మీద శైలజ చీరచెంగుతో నుదురు తుడుచుకుంది. లక్షా పది అయింది, లక్షా ముప్ఫై అయింది. వరండాలో సభ్యులు మిరపకాయ బజ్జీలు తెప్పించుకున్నారని భానుప్రకాశ్ చెప్పాడు. లక్షన్నర దాటేసరికి ఖాజా మియాకే మనసొప్పలేదు. "భాయ్, జర సోంచాయించుండ్రి, ఆలోచన జేయుండ్రి. నా చిట్టీల గింత నష్టానికి ఎవ్వరు లేపలే" అన్నాడు. "పాడనియ్యి మియా, వాళ్ల అవసరం వాళ్లది!" అని సభ్యులు ముక్తకంఠంతో అరిచారు. ఆ అరుపు పైమెట్టుకూ వినిపించింది, కిందిమెట్టుకూ వినిపించింది.

శైలజ ముఖం వాడిపోయింది. అత్తగారికి ఒంట్లో బాగాలేదేమోనని గిరిధర్ నిజంగానే కంగారుపడ్డాడు. ఈ పని కాగానే బల్మూరు తీసుకుపోవాలనుకున్నాడు. అలా అనుకుంటూనే, "లక్షా తొంభై. ఇదే ఆఖరు" అని ఫోన్‌లో ఊదాడు.

ఖాజా మియా మూడుసార్లు అడిగి పాట ముగించాడు. "వచ్చిందిరా! చిట్టీ మనదే!" అని భానుప్రకాశ్ కేక వేశాడు. గిరిధర్ ఎగిరి గంతేసి రెండేసి మెట్లు దిగాడు. కింద శైలజ మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏమైంది శైలూ? అత్తకు ఎట్లున్నది?"

"అమ్మకేమైంది? మంచిగనే ఉన్నది. పోయింది, చిట్టీ పోయింది. తాజ్‌బీ అక్క పేరు మీద మూడొద్దులు తిని నాలుగొద్దులు పస్తున్నట్టు కట్టిన. ఎవరో పిచ్చోడు లక్షా తొంభైకి లేపిండు."

గిరిధర్ పక్కనే కూలబడి, "ఆ పిచ్చోన్ని నేనే" అన్నాడు.

ఆమె తల ఎత్తి చాలాసేపు చూసింది. "నీకెందుకు పైసలు?"

"దుకాణానికి. బస్టాండు కాడి మల్గి."

"చిన్నయ్య కాకదా?"

ఇద్దరికీ ఆ పోటీ సంగతి ఒకేసారి తెలిసిపోయింది. లక్షను మూడు లక్షలు చేసిన పార్టీలు రెండూ ఒకే కంచంలో తింటున్నాయి. కుచ్చులు, ఫాల్, పీకో కోసం చిన్న దుకాణం పెట్టాలని ఆమెకూ ఎప్పటి నుంచో ఉంది. అతనితో చెప్తే ఆ డబ్బు కూడా ఏ షేర్లలోనో పోస్తాడని భయపడింది. ఆమెతో చెప్తే పుట్టింటికి పోతుందని అతను భయపడ్డాడు. అతని చీరలూ ఆమె కుచ్చులూ ఆ ఒక్క గదిలో సుఖంగా ఇమిడిపోయేవి. ఒక్కపూట ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని ఉంటే లక్షలో అయ్యే పని. గొలుసు పోయిన రోజు ఆమె ఎందుకు అరవలేదో అతనికి ఇప్పుడర్థమైంది. ఆ రోజే ఆమె అతన్ని నమ్మడం మానేసింది.

శైలజ ముక్కు చీది, కళ్లు తుడుచుకుంది. అంత దుఃఖంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. అతని భుజం తట్టింది.

"పోనీ, ఊకో. పోతే పోయినయి. నీ జీతమన్న ఉన్నది గదా, మెల్లమెల్లగ కూడబెట్టుకుందం."

గిరిధర్ తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"ఏందయ్యా, గట్ల చూస్తవు?"

గిరిధర్ మెట్ల వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, చూడటానికి ఇంకేమీ దొరక్క చివరికి ఆమె వైపు చూశాడు. "ఆ రెండో పార్టీ పొద్దంత దుకాణంల కూసుంటదని చిన్నయ్య చెప్పిండు. అందుకే నేను గూడ నిన్న కొలువు..." అన్నాడు. ఆమె నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

సోమవారం రాజీనామా వెనక్కి అడగడానికి ఇద్దరూ కలిసే కంపెనీకి పోయారు. "నీ కుర్చీల కొత్త పిల్లగాడు కూసున్నడు గిరిధర్" అన్నాడు చంద్రశేఖర్. తర్వాత శైలజ వైపు తిరిగి, "నువ్వు ధైర్యం జెప్పినవని సంబరపడ్డనమ్మా" అన్నాడు. ఆమె భర్త పరువు తీయలేక తల ఊపింది. ఉద్యోగం పోయినదానికంటే ఆ తల ఊపడమే గిరిధర్‌ను ఎక్కువ బాధపెట్టింది.

అటు నుంచి అటే బస్సెక్కి వనపర్తిలో చిన్నయ్య ఇంటికి పోయారు. ఇద్దరినీ పక్కపక్కన చూసి ఆ పెద్దమనిషి నోరు తెరిచాడు. అడ్వాన్సు తగ్గించమని బతిమాలితే చేతులు జోడించాడు.

"నేనేడ పెంచిన బిడ్డా? నేను లక్షనే అన్న. మీ ఇద్దరు ఒకరి మీద ఒకరు పెంచుకున్నరు. గిప్పుడు తగ్గిస్తే నా మాటకు ఇలువేం ఉంటది?"

వేరే దారి లేక ఒప్పుకున్నారు. చిట్టీ డబ్బు మూడు లక్షల పదివేలు వచ్చింది. మూడు లక్షలు చిన్నయ్యకు పోయాయి, మిగిలిన పదివేలు షట్టరు రంగుకూ బోర్డుకూ సరిపోయాయి. లోపల పెట్టడానికి ఒక్క చీర లేదు. నెల నెలా కట్టాల్సిన చిట్టీలు మాత్రం ఇప్పుడు రెండు.

మొదటిరోజు షట్టరు ఎత్తి ఇద్దరూ నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. శైలజ తన దగ్గరున్నదంతా చెప్పింది, గిరిధర్ తన దగ్గరున్నదంతా చెప్పాడు. చెప్పడం తొందరగానే అయిపోయింది. దాచిపెట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు కాబట్టి, ఆ రోజు నుంచి ఆ దంపతుల మధ్య దాపరికాలు లేవు.